ఎక్సెల్‌లో బటన్‌కి, మెనూకి పెట్టిన మాక్రోకి ఆర్గ్యుమెంట్ పంపడం ఎలా? మొదట్నుంచి చివరిదాకా

బటన్‌కి మాక్రో తగిలించడం చాలామందికి వచ్చు, ఆగిపోయేది ఆ తర్వాతే. ఒకే మాక్రోకి ఈ బటన్ నొక్కితే "క్యాష్" అని, ఆ బటన్ నొక్కితే "చెక్" అని వెళ్ళాలి, కానీ మాక్రోకి బ్రాకెట్లో ఆర్గ్యుమెంట్ (అంటే మాక్రోకి బయట్నుంచి అందించే విలువ) రాయగానే అది లిస్టులోంచే మాయమైపోతుంది. ఎక్కడికి పోయింది అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి మొత్తం ఒకే చోట పెడుతున్నా.

ఒక మాట ముందే. కోడ్‌ని ఫోన్‌లో ఎవరికో చదివి వినిపించినట్టు తెలుగు అక్షరాల్లోనే రాశా, మీరు మాక్రోలు రాసే వీబీఏ ఎడిటర్‌లో కొట్టేటప్పుడు అవే మాటలు ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టుకోండి. చుక్కలు, కొటేషన్లు, బ్రాకెట్లు మాత్రం ఎక్కడున్నవి అక్కడే ఉండాలి.

ఉదాహరణకి మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ రిజిస్టర్ తీసుకుందాం. 40 ఫ్లాట్లు, షీట్‌లో 5వ వరుస నుంచి 44 దాకా. మొదటి కాలమ్ 'ఏ'లో ఫ్లాట్ నంబర్, బీలో ఓనర్ పేరు, సీలో కట్టాల్సిన డబ్బు, డీలో కట్టిన తేదీ, ఈలో ఎలా కట్టారు అనేది.

1. కోడ్ కంటే ముందు: ఆ విలువ ఎక్కడ్నుంచి రావాలి?

ఇది తేల్చుకోకుండా మొదలెడితే సగం దారిలో మళ్ళీ వెనక్కి రావాల్సిందే. ఆర్గ్యుమెంట్లు మూడు రకాలుగా వస్తాయి.

ఒకటి, బటన్‌తో పాటే పుట్టి ఎప్పటికీ మారనిది. "క్యాష్", "యూపీఐ", "చెక్" లాంటివి.

రెండు, బటన్ ఏ వరుసలో కూర్చుందో దాన్నిబట్టి వచ్చేది, అంటే ప్రతి ఫ్లాట్ పక్కన ఒక బటన్ ఉంటే దాని వరుస నంబర్ అన్నమాట.

మూడు, నొక్కే టైంకి మనం ఏ సెల్ మీద ఉన్నామో లేదా ఒక సెల్‌లో ఏం రాసుందో అది. దీన్ని బటన్ నుంచి పంపాల్సిన పనే లేదు, మాక్రోనే వెళ్ళి చదువుకుంటుంది. ఈ నెల పేరు, లేట్ ఫీజు ఎంత లాంటివి బటన్‌లో ఇరికించి, వచ్చే నెల అన్ని బటన్లూ మార్చుకుంటూ కూర్చునేవాళ్ళని చూశా. మారేది సెల్‌లో ఉండాలి, మారనిది మాత్రమే బటన్‌లో ఉండాలి.

2. రెడీ చేసుకోవాల్సినవి

☐ ఫైల్‌ని ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌గా సేవ్ చేయండి. మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో మాక్రోలు నిలవవు.
☐ డెవలపర్ ట్యాబ్ కనపడకపోతే ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌లోకెళ్ళి టిక్ పెట్టండి.
☐ ఆల్ట్ ఎఫ్11 కొట్టి, ఇన్సర్ట్ మెనూలో మాడ్యూల్ పెట్టి అందులో రాయండి. షీట్ పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునే పేజీలో కాదు.
☐ బటన్ కావాలంటే డెవలపర్ ట్యాబ్‌లోని ఇన్సర్ట్‌లో పైన ఉండే ఫామ్ కంట్రోల్స్‌లోది తీసుకోండి, కింద ఉండే యాక్టివ్‌ఎక్స్‌ది వద్దు.
☐ ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి. మాక్రో నడిచాక కంట్రోల్ జెడ్ పనిచేయదు, అన్‌డూ లిస్ట్ మొత్తం ఖాళీ అయిపోతుంది.

3. ముందు అసలు పని చేసే మాక్రో, బటన్ సంగతి తర్వాత

సబ్ జమ(బైవాల్ ఎలా యాజ్ స్ట్రింగ్, బైవాల్ వరుస యాజ్ లాంగ్)
ఇఫ్ వరుస < 5 ఆర్ వరుస > 44 దెన్ ఎగ్జిట్ సబ్
ఇఫ్ యాక్టివ్‌షీట్.సెల్స్(వరుస, 4).వాల్యూ <> "" దెన్ ఎగ్జిట్ సబ్
యాక్టివ్‌షీట్.సెల్స్(వరుస, 4).వాల్యూ = డేట్
యాక్టివ్‌షీట్.సెల్స్(వరుస, 5).వాల్యూ = ఎలా
ఎండ్ సబ్

మొదటి రెండు ఇఫ్ లైన్లు తీసేయకండి. ఒకటి హెడ్డింగ్ మీద రాయకుండా ఆపుతుంది, రెండోది ఇప్పటికే కట్టేసిన ఫ్లాట్‌ని మళ్ళీ తిరగరాయకుండా ఆపుతుంది. అన్‌డూ లేని చోట ఈ రెండు లైన్లే మనకి దిక్కు.

ఇప్పుడు బటన్ లేకుండానే టెస్ట్ చేయండి. ఎడిటర్‌లో కంట్రోల్ జీ కొడితే కింద ఇమ్మీడియట్ విండో వస్తుంది, అక్కడ

జమ "క్యాష్", 7

అని కొట్టి ఎంటర్ నొక్కండి. 7వ వరుసలో ఇవాళ్టి తేదీ, క్యాష్ అని పడితే మాక్రో బాగుంది, ఇక ముందు వచ్చే తప్పులన్నీ బటన్ వైపువే అని తెలిసిపోతుంది. ఈ ఒక్క మెట్టు దాటేసి బటన్ దగ్గర గంటలు పోగొట్టుకుంటారు జనం.

ఆల్ట్ ఎఫ్8 కొట్టి చూస్తే జమ అనేది లిస్టులో ఉండదు, కంగారు పడొద్దు. ఆర్గ్యుమెంట్ ఉన్న సబ్ (కోడ్‌లో మాక్రో ఇలా సబ్ అనే మొదలవుతుంది), ప్రైవేట్ అని పెట్టిన సబ్, ఫంక్షన్ ఈ మూడూ అక్కడ కనపడవు, అది ఎక్సెల్ పద్ధతి.

4. మొదటి దారి: చిన్న చిన్న మాక్రోలు

సబ్ జమ_క్యాష్()
జమ "క్యాష్", యాక్టివ్‌సెల్.రో
ఎండ్ సబ్

ఇలాగే జమ_యూపీఐ, జమ_చెక్ రాసుకోండి. బటన్ మీద రైట్ క్లిక్ చేసి అసైన్ మాక్రోలో దీన్ని ఎంచుకుంటే అయిపోయింది. వాడేటప్పుడు ఫ్లాట్ వరుసలో ఏదో ఒక సెల్ మీద క్లిక్ చేసి, పైన బటన్ నొక్కడమే. పై 4 వరుసలు ఫ్రీజ్ చేసి బటన్లు అక్కడే పెడితే కిందకి ఎంత స్క్రోల్ చేసినా చేతికి అందుతాయి.

ఇదేం తెలివైన పద్ధతి కాదు, నిజమే, కానీ మూడు నాలుగు బటన్లకి నేను ఇప్పటికీ ఇదే వాడతా. ఏడాది తర్వాత ఇంకెవరైనా తెరిచి చూసినా అర్థమవుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు: జమ("క్యాష్", 7) అని బ్రాకెట్లు పెట్టి పిలిస్తే లైన్ ఎర్రగా మారిపోతుంది. బ్రాకెట్లు తీసేయండి, లేదా ముందు కాల్ అనే మాట పెట్టండి.

5. రెండో దారి: అసైన్ మాక్రో డబ్బాలోనే ఆర్గ్యుమెంట్ రాసేయడం

ఎక్కువమంది వెతికేది దీనికోసమే. ముందు ఒక మాక్రో:

సబ్ జమబటన్(బైవాల్ ఎలా యాజ్ స్ట్రింగ్)
జమ ఎలా, యాక్టివ్‌సెల్.రో
ఎండ్ సబ్

తర్వాత వరుసగా:

ఒకటి. బటన్ మీద రైట్ క్లిక్, అసైన్ మాక్రో.
రెండు. లిస్టులో వెతకొద్దు, ఉండదు. పైన మాక్రో నేమ్ అనే డబ్బాలో ఉన్నది తుడిచేయండి.
మూడు. అక్కడ 'జమబటన్ "క్యాష్"' అని కొట్టండి. మొదట్లో ఒక సింగిల్ కోట్, చివర్లో ఒక సింగిల్ కోట్, మధ్యలో మాటకి డబుల్ కోట్లు, మాక్రో పేరుకీ ఆర్గ్యుమెంట్‌కీ మధ్య ఒక ఖాళీ. బ్రాకెట్లు వద్దు.
నాలుగు. ఓకే నొక్కి, పక్కన ఎక్కడైనా ఖాళీ సెల్‌లో క్లిక్ చేసి బటన్ సెలెక్షన్ వదిలించి, అప్పుడు నొక్కి చూడండి.

నంబర్ అయితే డబుల్ కోట్లు అక్కర్లేదు: 'లేట్‌ఫీజు 100'. రెండుంటే మధ్యలో కామా: 'రిమార్కు "లేటు", 100'. తేదీని మాత్రం ఇలా నేరుగా పంపొద్దు, మన దగ్గర రోజు ముందు నెల తర్వాత, అక్కడ నెల ముందు రోజు తర్వాత అనుకుంటే 5వ తేదీ జూన్ కాస్తా 6వ తేదీ మే అయి కూర్చుంటుంది. ఏడాది, నెల, రోజు అని మూడు నంబర్లుగా పంపి లోపల డేట్‌సీరియల్‌తో కలుపుకోండి.

కోడ్ ద్వారా బటన్‌కి పెట్టాలంటే లోపలి డబుల్ కోట్లన్నీ రెండేసి సార్లు రాయాలి (బి అంటే కోడ్‌లో ఆ బటన్‌కి పెట్టుకున్న పేరు):

బి.ఆన్‌యాక్షన్ = "'జమబటన్ ""క్యాష్""'"

చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. లోపల సింగిల్ కోట్ల జత, దాని లోపల జంట డబుల్ కోట్లు, బయట మళ్ళీ డబుల్ కోట్లు. రాశాక డీబగ్.ప్రింట్ బి.ఆన్‌యాక్షన్ అని కొట్టి ఏం పడిందో చూసుకుంటే నయం.

అప్లికేషన్.ఆన్‌టైమ్‌కి కూడా ఇదే రాత పనిచేస్తుంది, పది నిమిషాల తర్వాత ఫలానా విలువతో మాక్రో నడవాలి అంటే మాక్రో పేరు చోట ఇలాగే కోట్లతో పెట్టడమే.

6. మూడో దారి: నొక్కింది ఏ బటనో మాక్రోనే కనుక్కోవడం

బటన్లు పదికి మించితే పై రెండు దారులూ చిరాకే. అప్పుడు అప్లికేషన్.కాలర్ వాడాలి. షేప్ లేదా ఫామ్ బటన్ నొక్కినప్పుడు ఇది ఆ బటన్ పేరుని ఇస్తుంది, ఇక పేరు దొరికాక అన్నీ దొరికినట్టే, అది ఏ వరుసలో ఉంది, దాని మీద ఏం రాసుంది, ఏదైనా అడగొచ్చు.

సబ్ వరుసబటన్()
ఇఫ్ టైప్‌నేమ్(అప్లికేషన్.కాలర్) <> "స్ట్రింగ్" దెన్ ఎగ్జిట్ సబ్
జమ "క్యాష్", యాక్టివ్‌షీట్.షేప్స్(అప్లికేషన్.కాలర్).టాప్‌లెఫ్ట్‌సెల్.రో
ఎండ్ సబ్

దీనికి ఆర్గ్యుమెంట్ లేదు కాబట్టి లిస్టులో మామూలుగానే కనపడుతుంది, 40 బటన్లకీ ఇదొక్కటే పెట్టొచ్చు.

ఆ ఇఫ్ లైన్ ఎందుకంటే, మీరు ఎడిటర్‌లో ఎఫ్5 కొట్టి గానీ ఆల్ట్ ఎఫ్8 నుంచి గానీ నడిపితే కాలర్‌లో పేరు ఉండదు, ఎర్రర్ 2023 ఉంటుంది, దాన్ని పట్టుకుని షేప్స్‌లో వెతికితే టైప్ మిస్‌మ్యాచ్ అని ఆగిపోతుంది. యాక్టివ్‌ఎక్స్ బటన్ నొక్కినా పేరు రాదు, ఫామ్ కంట్రోల్ తీసుకోమన్నది ముఖ్యంగా ఇందుకే.

40 బటన్లు చేత్తో గీయకండి. ఒక సబ్ లోపల లూప్ పెట్టండి (ఇక్కడ ఆర్, సి, బి ఒంటి ఇంగ్లీష్ అక్షరాలు, పైన ఇఫ్‌లో వచ్చిన ఆర్ కాదు):

ఫర్ ఆర్ = 5 టు 44
సెట్ సి = యాక్టివ్‌షీట్.సెల్స్(ఆర్, 6)
సెట్ బి = యాక్టివ్‌షీట్.బటన్స్.యాడ్(సి.లెఫ్ట్ + 2, సి.టాప్ + 2, సి.విడ్త్ - 4, సి.హైట్ - 4)
బి.నేమ్ = "ఫ్లాట్_" & ఆర్
బి.క్యాప్షన్ = "ఓకే"
బి.ఆన్‌యాక్షన్ = "వరుసబటన్"
నెక్స్ట్

ఆ ప్లస్ 2, మైనస్ 4 అందానికి కాదు. బటన్ పై అంచు కాస్త పై వరుసలోకి జరిగినా టాప్‌లెఫ్ట్‌సెల్ పై వరుసనే చెప్తుంది, అంటే 203 వాళ్ళు కట్టిన డబ్బు 202 వాళ్ళ ఖాతాలో పడుతుంది. బటన్‌ని సెల్ లోపలికి కొంచెం నొక్కి పెడితే ఈ గొడవ ఉండదు.

నేను ఇక్కడ తిన్న దెబ్బ ఇంకోటి ఉంది. ఒక బటన్‌కి చక్కగా పేరు పెట్టి, దాన్ని కాపీ చేసి కింద పేస్ట్ చేసుకుంటూ పోయా. మనం పెట్టిన పేరు కాపీతో పాటే వచ్చేస్తుందని తెలీదు, అన్ని బటన్లకీ ఒకే పేరు, షేప్స్ మొదట దొరికినదాన్నే ఇస్తుంది, ఎవరు కట్టినా ఎప్పుడూ మొదటి ఫ్లాటే. రెండో ఇఫ్ ఉంది కాబట్టి ఏదీ తిరగరాయలేదు గానీ, బటన్ నొక్కితే ఏమీ జరగట్లేదేంటి అని ఒక ఆదివారం మొత్తం పోయింది. పేర్లు చూడాలంటే హోమ్ ట్యాబ్‌లో ఫైండ్ అండ్ సెలెక్ట్ కింద సెలెక్షన్ పేన్ తెరవండి, అన్నీ వరుసగా కనపడతాయి, అక్కడే మార్చుకోవచ్చు కూడా.

7. తెలుగులో పంపాలంటే

ఇది మనకే ఉన్న తలనొప్పి. "క్యాష్" బదులు "నగదు" అని తెలుగు లిపిలోనే 'ఈ' కాలమ్‌లో పడాలి అనుకోండి. వీబీఏ ఎడిటర్‌లో తెలుగు అక్షరాలు పేస్ట్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలే, ఎందుకంటే ఆ ఎడిటర్‌కి యూనికోడ్ రాదు. కోడ్‌లో రాయలేం కాబట్టి నాలుగో మెట్టులో చెప్పిన దారి ఇక్కడ మూసుకుపోయినట్టే.

దారి ఏంటంటే షేప్‌కి ఉండే ఆల్ట్ టెక్స్ట్. ఫామ్ బటన్ బదులు పైన ఇన్సర్ట్ ట్యాబ్‌లోంచి మామూలు దీర్ఘచతురస్రం షేప్ గీయండి, రైట్ క్లిక్ చేసి ఆల్ట్ టెక్స్ట్‌లో నగదు అని తెలుగులో రాయండి, మాక్రోలో

జమ యాక్టివ్‌షీట్.షేప్స్(అప్లికేషన్.కాలర్).ఆల్టర్నేటివ్‌టెక్స్ట్, యాక్టివ్‌సెల్.రో

అని పెట్టండి. కోడ్‌లో ఒక్క తెలుగు అక్షరం లేదు, సెల్‌లో మాత్రం తెలుగే పడుతుంది. వరుసబటన్‌లో ఉన్న ఇఫ్ లైన్ దీనికీ ముందు పెట్టడం మర్చిపోకండి. మెసేజ్ బాక్స్‌లో చూపించబోతే మళ్ళీ ప్రశ్నార్థకాలే వస్తాయి, అది చూసి విలువ పాడైందనుకోవద్దు, మెసేజ్ బాక్స్‌కే తెలుగు రాదు.

తెలుగు మాటలు ఇరవై ముప్ఫై ఉంటే ఆల్ట్ టెక్స్ట్ కూడా వద్దు, పక్క షీట్‌లో లిస్ట్ రాసుకుని, బటన్ నుంచి 1, 2, 3 అని నంబర్ పంపి, మాక్రో ఆ వరుసలోది తెచ్చుకునేలా చేయండి.

8. రైట్ క్లిక్ మెనూ

సెల్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూలో మన ఐటెమ్స్ పెట్టుకుంటే బటన్ల గోలే ఉండదు. మెనూ ఐటెమ్‌కి పారామీటర్ అని ఒక జేబు లాంటిది ఉంది, ఆర్గ్యుమెంట్ అందులో పెట్టాలి.

సెట్ ఎం = అప్లికేషన్.కమాండ్‌బార్స్("సెల్").కంట్రోల్స్.యాడ్(టైప్:=1, టెంపరరీ:=ట్రూ)
ఎం.క్యాప్షన్ = "క్యాష్ జమ"
ఎం.పారామీటర్ = "క్యాష్"
ఎం.ట్యాగ్ = "మాజమ"
ఎం.ఆన్‌యాక్షన్ = "మెనూజమ"

మాక్రోలో తీసుకోవడం ఇలా:

సబ్ మెనూజమ()
జమ అప్లికేషన్.కమాండ్‌బార్స్.యాక్షన్‌కంట్రోల్.పారామీటర్, యాక్టివ్‌సెల్.రో
ఎండ్ సబ్

మెనూ పెట్టే కోడ్‌ని వర్క్‌బుక్ యాక్టివేట్ ఈవెంట్‌లో, తీసేసే కోడ్‌ని డీయాక్టివేట్‌లో పెట్టండి, లేకపోతే వేరే ఫైల్ తెరిచినా అక్కడ కూడా క్యాష్ జమ అని కనపడుతూనే ఉంటుంది. తీసేటప్పుడు కంట్రోల్స్ చివరి నుంచి వెనక్కి లూప్ తిప్పి, ట్యాగ్ "మాజమ" ఉన్నవి మాత్రమే డిలీట్ చేయండి. ముందు నుంచి తిప్పితే ఒకటి తీయగానే తర్వాతది పైకి జరిగి తప్పించుకుంటుంది.

ఇక్కడ రెండు గుంతలు ఉన్నాయి. దిస్‌వర్క్‌బుక్ పేజీలో అప్లికేషన్ అనే మాట లేకుండా ఉత్త కమాండ్‌బార్స్ అని రాస్తే ఎర్రర్ 91 వస్తుంది. రెండోది, మీ డేటాని టేబుల్‌గా మార్చి ఉంటే దాని మీద రైట్ క్లిక్‌కి వచ్చే మెనూ వేరు, దాని పేరు "లిస్ట్ రేంజ్ పాపప్", అందులోనూ విడిగా యాడ్ చేయాలి. కోడ్ అంతా కరెక్టే, మెనూ మాత్రం కనపడట్లేదు అనేవాళ్ళు ముందు ఇదే చూసుకోండి.

పైన రిబ్బన్‌లోనే బటన్ కావాలంటే ఎక్స్‌ఎంఎల్ రాయాలి, అందులో ప్రతి బటన్‌కి ట్యాగ్ అని ఒక విలువ ఇవ్వొచ్చు. మాక్రో మాత్రం సబ్ రిబ్బన్‌జమ(కంట్రోల్ యాజ్ ఐరిబ్బన్‌కంట్రోల్) అని ఆ ఒక్క ఆర్గ్యుమెంట్‌తోనే ఉండాలి, కంట్రోల్.ట్యాగ్ అంటే మనం రాసింది వస్తుంది. ఇద్దరు ముగ్గురు వాడే రిజిస్టర్‌కి అంత దూరం వెళ్ళక్కర్లేదనేది నా అభిప్రాయం.

9. గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్ వాళ్ళకి

గూగుల్ షీట్స్‌లో డ్రాయింగ్‌కి అసైన్ స్క్రిప్ట్ అంటే ఉత్త ఫంక్షన్ పేరే తీసుకుంటుంది, బ్రాకెట్లు పెట్టినా, కోట్లు పెట్టినా ఒప్పుకోదు, ఏ డ్రాయింగ్ నొక్కారో కూడా చెప్పదు. కస్టమ్ మెనూలో యాడ్‌ఐటెమ్ కూడా అంతే, రెండో విలువ ఫంక్షన్ పేరు మాత్రమే. కాబట్టి నాలుగో మెట్టులో చెప్పిన చిన్న ఫంక్షన్ల పద్ధతే దిక్కు. మంచి విషయం ఏంటంటే అక్కడ స్క్రిప్ట్‌లో తెలుగు నేరుగా రాసుకోవచ్చు, మెనూ పేర్లు కూడా తెలుగులో పెట్టొచ్చు.

ఫోన్ యాప్‌లో ఆ డ్రాయింగ్ బటన్లు పనిచేయవు. వాచ్‌మన్ ఫోన్‌లోంచి నొక్కాలి అంటే ప్రతి వరుసలో చెక్‌బాక్స్ పెట్టి, ఆన్‌ఎడిట్‌లో (సెల్ మారగానే దానంతటదే నడిచే ఫంక్షన్) ఈ.రేంజ్ నుంచి వరుస, కాలమ్ తీసుకోండి. ఏ కాలమ్‌లో టిక్ పడింది అన్నదే మీ ఆర్గ్యుమెంట్. కాకపోతే ఆ సింపుల్ ఆన్‌ఎడిట్ నుంచి మెయిల్ పంపడం లాంటివి కుదరవు, పర్మిషన్ అడిగే పనులు దానికి నిషేధం.

లిబ్రేఆఫీస్ కాల్క్‌లో పద్ధతి చక్కగా ఉంది. డిజైన్ మోడ్‌లో బటన్ ప్రాపర్టీస్ తెరిచి అడిషనల్ ఇన్ఫర్మేషన్ అనే గడిలో విలువ రాయండి, ఈవెంట్స్‌లో ఎగ్జిక్యూట్ యాక్షన్‌కి మాక్రో తగిలించండి, మాక్రోని సబ్ జమ(ఈవెంట్) అని రాసి లోపల ఈవెంట్.సోర్స్.మోడల్.ట్యాగ్ అంటే అది వచ్చేస్తుంది.

10. ఆగిపోతే ఎక్కడ చూడాలి

"మాక్రో రన్ చేయలేం, ఈ వర్క్‌బుక్‌లో అందుబాటులో లేకపోవచ్చు" అన్న మెసేజ్: సింగిల్ కోట్ ఒకవైపే ఉందేమో చూడండి. వర్డ్‌లోంచో వాట్సాప్‌లోంచో కాపీ చేసి ఉంటే కోట్లు వంకర కోట్లుగా మారి ఉంటాయి, చేత్తో మళ్ళీ కొట్టండి. అది కాకపోతే మాక్రో మాడ్యూల్‌లో కాకుండా షీట్ పేజీలో ఉంది.

నొక్కగానే వేరే పాత ఫైల్ తెరుచుకుంటోంది: షీట్‌ని ఇంకో ఫైల్‌లోంచి కాపీ చేశారు, బటన్ ఇంకా పాత ఫైల్ మాక్రోనే పట్టుకుని ఉంది. అసైన్ మాక్రోలో మళ్ళీ పెట్టండి, ఎక్కువుంటే ఆన్‌యాక్షన్‌ని లూప్‌లో తిరగరాయండి.

బటన్‌ని జరుపుదామంటే మాక్రో నడిచిపోతోంది: కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేయండి, నడవకుండా సెలెక్ట్ మాత్రమే అవుతుంది.

పేరు పెట్టినా మారట్లేదు: నేమ్ బాక్స్‌లో రాశాక ఎంటర్ కొట్టలేదు. పక్కన క్లిక్ చేస్తే పేరు నిలవదు.

వరుస ఇన్సర్ట్ చేశాక అంతా ఒక వరుస తేడా వస్తోంది: ఫార్మాట్ కంట్రోల్‌లో ప్రాపర్టీస్ చూడండి, డోంట్ మూవ్ ఆర్ సైజ్ అని ఉంటే బటన్లు అక్కడే ఆగిపోయి సెల్స్ మాత్రం కిందకి జరిగాయి. మూవ్ బట్ డోంట్ సైజ్ పెట్టండి. పైన వరుస చేరితే కోడ్‌లో 5, 44 కూడా మార్చాలి.

వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపితే వాళ్ళ దగ్గర మాక్రోలు బ్లాక్ అంటోంది: ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైల్ కాబట్టి. ఫైల్ మూసి, రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కింద అన్‌బ్లాక్ టిక్ పెట్టమనండి, అదీ ఫైల్ మీరే పంపారని వాళ్ళకి తెలిస్తేనే.

11. వేరేవాళ్ళ చేతికి ఇచ్చే ముందు

☐ మొదటి ఫ్లాట్, చివరి ఫ్లాట్, మధ్యలో ఒకటి నొక్కి చూశారా?
☐ హెడ్డింగ్ వరుసలో సెల్ పెట్టి నొక్కితే ఏమీ రాయకుండా ఊరుకుందా?
☐ కట్టేసిన ఫ్లాట్ మీద రెండోసారి నొక్కి చూశారా?
☐ సెలెక్షన్ పేన్‌లో ఒకే పేరు రెండుసార్లు లేదు కదా?
☐ మధ్యలో ఒక వరుస ఇన్సర్ట్ చేసి, నొక్కి చూసి, ఆ కాపీని సేవ్ చేయకుండా మూసేశారా?
☐ తీసుకునేవాళ్ళు కంప్యూటర్‌లో ఎక్సెల్ వాడతారా, బ్రౌజర్‌లోనా, ఫోన్‌లోనా? బ్రౌజర్ ఎక్సెల్‌లో, ఫోన్ ఎక్సెల్‌లో వీబీఏ మాక్రోలు నడవవు, బటన్ కనపడుతుంది కానీ నొక్కితే పని జరగదు. అలాంటివాళ్ళుంటే 9వ మెట్టులో చెప్పిన చెక్‌బాక్స్ దారిలో మళ్ళీ మొదలెట్టాల్సిందే.